మాట కారణమగునా?

అసురసంధ్యవేళ అశుభము పలుకరాదని మన యిండ్లలో పెద్దలు మందలించుట కలదు. ఆ వేళ తథాస్తుదేవతలు ఆకాశమున సంచరించుచుందురనియు, మన నోట వెలువడిన మాటకు వారు "తథాస్తు" అన్నచో అది జరిగి తీరుననియు నమ్మకము. దీనిని మూఢవిశ్వాసమని త్రోసివేయుట సులభమే. కాని యిందు ఒక గట్టి ప్రశ్న దాగియున్నది. మాట యనగా గాలిలో పుట్టి గాలిలో కలియు ధ్వనియే గదా! అట్టి మాట ఒక కార్యమునకు కారణము కాగలదా? కాగలిగినచో ఆ శక్తి మాటయందున్నదా, పలికినవానియందున్నదా, విన్నవాని మనస్సునందున్నదా? ఈ ప్రశ్నను మన దేశమున వైయాకరణులు, నైయాయికులు, మీమాంసకులు శతాబ్దములుగా విచారించిరి. నంద్యాలసీమ దానిని రెండు కథలుగా మనకు చూపుచున్నది. రెండింటను పలికినవాడు బ్రహ్మయే.

నల్లమలకు పడమట, కుందేటి పరీవాహమున నంద్యాల యున్నది. 2022 ఏప్రిల్ 4 నుండి అది జిల్లా కేంద్రము. ఆళ్లగడ్డయు ఆ జిల్లాలోనిదే. 16వ శతాబ్దమున నంద్యాల నేలిన కృష్ణమరాజునకు పింగళి సూరన తన కళాపూర్ణోదయమును అంకితమిచ్చెను. ఆ కావ్యమునకు ముందే రాఘవపాండవీయమున సూరన భాషను ఒక కఠిన పరీక్షకు నిలిపియుండెను. అందలి పద్యములను ఒక విధముగ విరిచి చదివిన రామాయణమగును, మరియొక విధముగ విరిచిన భారతమగును. అక్షరములు మారవు, అర్థము మారును.

ఇది పండితుల కసరత్తు మాత్రమే యని తలపరాదు. మెట్టపొలము రైతు "వాన రాక..." అని మాట మొదలుపెట్టినాడనుకొందము. వాన వచ్చుటను గూర్చి చెప్పబోవుచున్నాడా, రానందుకు వగచుచున్నాడా? మిగిలిన వాక్యము వినువరకు తేలదు. ఆ రెండు పదములు పూర్తిగా ఎదురెదురైన అర్థములను మోయుచున్నవి. తెలుగువాడైన అన్నంభట్టు 17వ శతాబ్దమున రచించిన తర్కసంగ్రహమున వాక్యార్థజ్ఞానమునకు మూడు హేతువులను చెప్పెను. పదములకు ఒకదానిపై నొకదానికి గల ఆకాంక్ష, అర్థముల పొందికయైన యోగ్యత, ఎడము లేక పలుకబడుటయైన సన్నిధి అనునవి. ఈ పదమువలన ఈ యర్థము తెలియవలెనను ఈశ్వర సంకేతమే పదమునకు గల శక్తి యనియు అతడు చెప్పెను. మీమాంసకులు దీని నొప్పక, శబ్దార్థముల సంబంధము ఎవరును ఏర్పరచినది కాదు, నిత్యమైనదనిరి. భర్తృహరి మరియొక అడుగు ముందునకు వేసి, జగత్తునకు మూలమే శబ్దతత్త్వమనెను.

భర్తృహరి తత్త్వముగ చెప్పిన దానికి చేరువైన తలంపును సూరన కథగా చెప్పెనన్నచో తప్పుకాదు. కళాపూర్ణోదయము ఎనిమిది ఆశ్వాసముల కావ్యము. కథ అతని స్వకల్పితము. ప్రణయకలహవేళ బ్రహ్మ సరస్వతికి వినోదముగా ఒక కథ చెప్పెను. కళాపూర్ణుడను రాజు, అతని తల్లిదండ్రులు, అతని భార్యలు అందలి పాత్రలు. వారెవ్వరును అప్పటికి పుట్టలేదు. తమ ప్రణయవృత్తాంతమునే భర్త మరుగుపరచి కథగా అల్లినాడని సరస్వతి గ్రహించెను. కాని పలికినవాడు బ్రహ్మ. అతని మాట వట్టిపోదు. చెప్పబడినందువలననే ఆ జనులు భూమిపై పుట్టవలసివచ్చెను. కథలో తండ్రి తల్లియు, తల్లి తండ్రియు అయినట్లున్నది. కనుక మణిస్తంభుడు స్త్రీయై కళాపూర్ణుని కనవలసివచ్చెను, సుముఖాసత్తి పురుషుడై తండ్రి కావలసివచ్చెను.

సామాన్యముగ మనము ముందు సంగతి జరిగిన పిమ్మట దానిని కథగా చెప్పుదుము. ఇచట కథ ముందు, సంగతి వెనుక. పైగా సూరన ఈ మూలమును మొదటనే చెప్పడు. ద్వారకలో కలభాషిణి అను వేశ్యాకన్య, నారదుడు, అతని శిష్యుడు మణికంధరుడు, విమానముపై రంభానలకూబరులు, ఇట్లు కార్యములనే ముందు వరుసగా చూపును. వానికి కారణమైన బ్రహ్మవాక్కు చాలదూరము పోయిన పిమ్మట గాని బయటపడదు. పొగను చూచి నిప్పును ఊహించువానివలె చదువరి కార్యమును చూచి కారణమును వెదకుచు పోవలెను. కట్టమంచి రామలింగారెడ్డిగారు 1914లో వెలువడిన కవిత్వతత్త్వ విచారమున ఈ కథాసంవిధానమును ఎంతో మెచ్చుకొనిరి. వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ గారల ఆంగ్లానువాదమును 2002లో కొలంబియా విశ్వవిద్యాలయ ముద్రణాలయము ప్రకటించెను.

ఈ కావ్యమున మనస్సునకును పెద్ద పాత్రయే కలదు. కలభాషిణి రంభ రూపమును, మణికంధరుడు నలకూబరుని రూపమును ధరింతురు. నిజమైన రంభయు మాయారంభయు ఎదురుపడి, నేనే రంభనని ఇరువురును కలహింతురు. రూపమును బట్టి నిజము తేలదు, పేరును బట్టియు తేలదు. మరి వ్యక్తిని ఆ వ్యక్తిగా నిలుపునదేది? సూరన ఇచ్చిన సమాధానము కథ చివరి భాగమున దొరకును. కలభాషిణి మధురలాలసగా మరల జన్మించును. కళాపూర్ణుని మణి తగిలినంతనే ఆ పసిబిడ్డకు పూర్వజన్మస్మృతి కలిగి, నోరు తెరచి తన వృత్తాంతమునంతయు చెప్పును. రూపము మారినను, పేరు మారినను, జ్ఞాపకము వెంట వచ్చినది. 17వ శతాబ్దపు చివర ఇంగ్లండున జాన్ లాక్ అను తత్త్వవేత్తయు, వ్యక్తి యొక్క ఏకత్వమునకు ఆధారము శరీరము కాదు, గతమును తనదిగా ఎరుగు చైతన్యమనియే వాదించెను.

ఇక రెండవ కథకై ఆళ్లగడ్డకు చేరువనున్న అహోబిలమునకు పోవలెను. ఎఱ్ఱన నృసింహపురాణము ఈ క్షేత్రమహిమను చెప్పినదే. నల్లమల కొండలలో తొమ్మిది నరసింహ సన్నిధులున్న ఆ క్షేత్రమున, స్వామి వెలువడిన కంబమని ఉక్కుస్తంభమను శిలను చూపుదురు. హిరణ్యకశిపుడు బ్రహ్మను కోరిన వరము మనకందరకు తెలిసినదే. మనుష్యునిచే గాని మృగముచే గాని, పగలు గాని రాత్రి గాని, లోపల గాని వెలుపల గాని, నేలపై గాని నింగిని గాని తనకు చావు రారాదు. లోకమునంతయు జంటపదములతో పంచుకొని, ప్రతి జంటకును రెండువైపులను మూసివేసితినని అతడు తలంచెను. కాని పగటికిని రాత్రికిని నడుమ సంధ్య యున్నది, లోపలికిని వెలుపలికిని నడుమ గడప యున్నది. నరుడును మృగమును కానిరూపము ఆ గడపపై కూర్చుండి, అతనిని తొడలపై నిడుకొని సంహరించెను. వరములోని ఒక్క షరతును భంగపడలేదు. బ్రహ్మ మాట తప్పలేదు. హిరణ్యకశిపుని మాట చాలలేదు. మనము పేరు పెట్టినంత మేరయే లోకమనుకొనుట అతని పొరపాటు. దస్తావేజులు వ్రాయువారికి ఈ సంగతి బాగుగ తెలియును.

ఒక కథలో మాట వస్తువును పుట్టించుచున్నది. రెండవ కథలో వస్తువు మాటలను దాటిపోవుచున్నది. ఈ రెండింటిని పొసగించుట ఎట్లు? ఆళ్లగడ్డ శిల్పుల పనిని గమనించిన దారి దొరకునని మాకు తోచుచున్నది. రాతి విగ్రహములకు ఆ యూరు ప్రసిద్ధము. విగ్రహము ముందే రాతిలో నున్నదా, శిల్పి క్రొత్తగ పుట్టించినాడా? నూనె నువ్వులలో నున్నట్లు కార్యము కారణమున ముందే యున్నదని సాంఖ్యులందురు. లేనిదే క్రొత్తగ పుట్టినదని నైయాయికులందురు. నైయాయికుల లెక్కలో శిల్పి, ఉలి, సుత్తి నిమిత్తకారణములు. కాని ఉలి పట్టుటకు ముందు మరియొకటి యున్నది. ఏ దేవతకు ఎన్ని చేతులు, ఏ యాయుధములు, ఎట్టి ముఖము అని చెప్పు ధ్యానశ్లోకము శిల్పసంప్రదాయమున కలదు. ఆ శ్లోకము రాతిని తాకదు. అది శిల్పి మనస్సున రూపమగును, మనస్సు చేతిని నడుపును, చేయి ఉలిని నడుపును. బ్రహ్మ మాట తిన్నగ వస్తువును చేరినది. మనుష్యుని మాట మనస్సు మీదుగా గాని వస్తువును చేరజాలదు.

కారణమునకు కార్యమునకు నడుమ మనము చూచునది ఒకదాని వెనుక నొకటి నియతముగ వచ్చుట మాత్రమే గాని, రెండింటిని కట్టిన బంధమును చూడమని 1739లో డేవిడ్ హ్యూమ్ వ్రాసెను. కొన్ని మాటలు సంగతిని చెప్పుట కాదు, సంగతిని చేయుటయే యని జె. ఎల్. ఆస్టిన్ 1955లో హార్వర్డున ఉపన్యసించెను. వాగ్దానము అట్టిది, పేరు పెట్టుట అట్టిది. వాగ్దానము చేయుచున్నానన్నంతనే వాగ్దానము జరిగినది. అయినను వినువారు దానిని వాగ్దానముగ గ్రహించినప్పుడే గదా అది నిలుచుట! అతడును వినువానిని మరచినవాడు కాడు.

కనుక తథాస్తుదేవతలను గూర్చిన హెచ్చరికను ఊరక త్రోసివేయ పనిలేదు. "వీనికి చదువు రాదు" అని యింటిలో పలుమారు అన్నచో, ఆ మాట ఆకాశమును చేరునో లేదో గాని, ప్రక్కగదిలోని పిల్లవాని చెవిని తప్పక చేరును. తథాస్తు అనునది ఆ పసిమనస్సే. "వాడు దొంగ" అని ఊరిలో పుట్టిన పుకారును గూర్చియు ఇంతే. విన్నవారు నమ్మినప్పుడు గాని అది ఆ మనిషికి కీడు చేయజాలదు. నమ్మినపిమ్మట దానిని ఆపుట పలికినవాని తరమును కాదు. పలికినవానికి బాధ్యత కలదు. మనస్సున చోటిచ్చినవానికిని కలదు. వినోదమునకై బ్రహ్మ చెప్పిన కథకే అన్ని జన్మలు ఫలమైనపుడు, మన నట్టింట వినోదమునకై ఆడుకొను మాటలను ఒకమారు తూచి పలుకుట మంచిది.