మాడు దగ్గర దొరికిన దారి

నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్లో కొందరికి నడక వచ్చే వయసులో కాళ్లు బిగుసుకుపోతాయి. మునివేళ్ల మీదే నిలబడతారు, అడుగేస్తే మోకాళ్లు ఒకదాన్నొకటి ఒరుసుకుంటాయి. దీనికి మూలం పుట్టుక వేళలో ఉందని 1861లో లండన్ ప్రసూతి వైద్యుల సంఘం ముందు వివరించినవాడు విలియం జాన్ లిటిల్. ఆయనకూ చిన్నతనంలోనే ఒక పాదం వంకరపోయింది. నెలలు తక్కువ కాన్పు, కష్టమైన కాన్పు, పుట్టగానే ఊపిరాడకపోవడం కారణాలన్నాడు. 1897లో సిగ్మండ్ ఫ్రాయిడ్ (అవును, ఆ ఫ్రాయిడే, ఆయన నరాల వైద్యుడు కూడా) అడ్డు ప్రశ్న వేశాడు: బిడ్డ మెదడులో ముందే ఉన్న లోపం వల్లే కాన్పు కష్టమై ఉండకూడదా?

చనిపోయిన పసికందుల మెదళ్లను పరీక్షించి, 1962లో బెట్టీ బ్యాంకర్, జాన్‌క్లోడీ లారోష్ అనే వైద్యురాళ్లు దెబ్బ ఎక్కడ తగులుతోందో చూపించారు. మెదడు నడుమ నీటి గదులుంటాయి. వాటిని ఆనుకున్న తెల్ల పదార్థం నెత్తురు, ప్రాణవాయువు చాలక చచ్చిపోతోంది. కాళ్లను కదిలించే నరాల తీగలు సరిగ్గా ఆ గదుల పక్కనుంచే దిగుతాయి, చేతులవి కాస్త ఎడంగా. అందుకే చేతులకన్నా కాళ్లే ఎక్కువ బిగుస్తాయి. లిటిల్ చూసిన కాళ్లకు నూరేళ్లకు దొరికిన సమాధానం ఇది.

మరి బతికున్న బిడ్డ మెదడు చూసేదెలా? అల్ట్రాసౌండ్‌కు పుర్రె ఎముక అడ్డం. కానీ మాడు దగ్గర ఎముక ఇంకా కలవదు. బాలింత ఉన్న ఇంట అమ్మమ్మ ఆముదం అద్దే ఆ మెత్తటి చోటే డాక్టర్లకు దారి అయింది. 1970ల చివర లండన్ యూనివర్సిటీ కాలేజ్ ఆసుపత్రి వైద్యులు ఈ పద్ధతికి బాట వేసినవారిలో ఉన్నారు. మాడు మీద జెల్ రాసి ప్రోబ్ ఆనిస్తే చాలు, బిడ్డను ఇంక్యుబేటర్‌లోంచి తియ్యకుండానే నెత్తురు చిమ్మిందా, నీటి గదులు ఉబ్బాయా తెలుస్తుంది.

సన్నటి దెబ్బలకు ఎమ్మారై కావాలి. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వైద్యులు 30 వారాల్లోపే పుట్టిన 167 మందికి, నెలలు నిండే నాటికి ఎమ్మారై తీసి, రెండేళ్ల వయసులో మళ్లీ పరీక్షించారు. తెల్ల పదార్థంలో దెబ్బ పెద్దదైన కొద్దీ కదలికల ఇబ్బంది పెరిగిందని 2006లో ప్రకటించారు. అయినా బొమ్మ ఒక్కటే బిడ్డ భవిష్యత్తు తేల్చేయలేదు.

నా మనసుకు దగ్గరైనది హైంజ్ ప్రెక్టల్ బృందం 1997లో చెప్పిన మార్గం. దానికి స్కానింగ్ యంత్రం అక్కర్లేదు. మెలకువగా, ఏడవకుండా ఉన్న బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టి, పలకరించకుండా, ఆటబొమ్మ చూపకుండా కాసేపు వీడియో తీయాలి. మూడో నెలలో మెడ, భుజాలు, మణికట్లు, నడుము, చీలమండలు సన్నగా, ఎడతెగకుండా అన్ని వైపులకూ కదులుతుంటాయి. ఆ కదలికలు లేకపోతే అనుమానించాల్సిందే. శిక్షణ పొందిన కన్ను మాత్రం కావాలి.

"మగపిల్లాడు కదా, ఆలస్యంగా నడుస్తాళ్లే" అని రెండేళ్లు గడిపేసే ఇళ్లను చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఇలాంటి పిల్లల కోసం జిల్లా కేంద్రాలు ఏర్పడ్డాయి, ఫిజియోథెరపీకి డబ్బు కట్టక్కర్లేదు. బిడ్డను తీసుకెళ్లే తల్లి, బిడ్డ వయసును పుట్టిన రోజు నుంచి కాక, డాక్టరు ముందు చెప్పిన కాన్పు తేదీ నుంచి లెక్కేసుకోవాలి. రెండు నెలలు ముందే పుట్టిన బిడ్డకు ఆ కదలికలు చూడాల్సిన మూడో నెల, మన క్యాలెండర్‌లో ఐదో నెల.