తామ్రశాసనాలలో తాజికులు

అరబ్బుల దండయాత్రలను ఎదిరించిన హిందూ రాజులను గురించి మనం ఎందుకు చెప్పుకోమని అడిక్‌మెట్‌లో గదులు తీసుకొని చదువుకునే విద్యార్థులు ఈ మధ్య నన్ను తరచుగా అడుగుతున్నారు. ప్రశ్న న్యాయమైనదే. తప్పక చెప్పుకోవలసినదే. అయితే శాసనాలు చెప్పినంతా చెప్పుకోవాలి.

మన ఆలంపురంలో ఆలయాలు నిర్మించిన బాదామి చాళుక్యుల శాఖ ఒకటి దక్షిణ గుజరాతులో నవసారి కేంద్రంగా పాలించినది. ఆ శాఖకు చెందిన అవనిజనాశ్రయ పులకేశి క్రీ.శ. 739లో వేయించిన తామ్రశాసనం తాజికుల, అంటే అరబ్బుల, దండయాత్రను వర్ణిస్తుంది. సైంధవ, కచ్ఛెల్ల, సౌరాష్ట్ర, చావోటక, మౌర్య, గుర్జర రాజులను ఓడించి దక్షిణాపథంలోకి చొరబడబోయిన ఆ సేనను అతడు నవసారి వద్ద చిత్తుచేసినాడు. చక్రవర్తి రెండవ విక్రమాదిత్యుడు అతనికి నాలుగు బిరుదులిచ్చినాడు. వాటిలో ఒకటి 'అనివర్తక నివర్తయిత'. వెనుదిరగని వారిని వెనుదిరిగేటట్లు చేసినవాడని అర్థం. దురాక్రమణను ఎదిరించి నిలిచిన ఈ సాహసాన్ని తక్కువ చేయవలసిన పని లేదు.

కాని దీనిని మతయుద్ధమనవచ్చునా? శాసనం శత్రువును జాతిపేరుతో పిలిచినదే గాని మతం పేరుతో పిలువలేదు. ఇదే విక్రమాదిత్యుడు కంచి పల్లవులను మూడుసార్లు జయించినాడు. ఆ విజయానికి గుర్తుగా రాణి లోకమహాదేవి పట్టదకల్లులో శివాలయం కట్టించినది. ఓడిన పల్లవులూ హిందూ రాజులే!

రెండు శతాబ్దాలైనా గడవలేదు. చాళుక్యులను కూలద్రోసిన రాష్ట్రకూటులు తెలంగాణాను కూడా ఏలినారు. వారి రాజు రెండవ కృష్ణుడు నవసారికి దక్షిణాన, అదే తీరంలో ఉన్న సంజాన్ మండలాన్ని ఒక తాజికునికే అప్పగించినాడు. 926 నాటి చించణి శాసనం అతనిని మధుమతి అంటుంది. అది మహమ్మద్ అనే పేరుకు సంస్కృత రూపం. నదులు దాటేవారికి ఉచితంగా పడవలు నడిపించి, అన్నసత్రం పెట్టించి, దేవీమఠానికి భూదానం చేయించిన అధికారి అతడు.

శత్రువుగా వచ్చిన తాజికుడు ఇక్కడ పాలకుడెట్లయినాడు? సముద్ర వర్తకం, రేవు సుంకాలు రాజ్యానికి అవసరమైనవి. భూమిశిస్తును, రేవులను కాపాడుకొనడానికి రాజులు ఒకప్పుడు కత్తి దూసినారు, మరొకప్పుడు చేయి కలిపినారు. మతాన్ని బట్టి ఈ రెండింటికీ లెక్క కుదరదు.

నవసారి శాసనం నిజానికి ఒక బ్రాహ్మణునికి గ్రామాన్ని ధారపోసిన దానపత్రం. ఆ గ్రామాన్ని దున్నినవారు, ఆ యుద్ధంలో నేలకొరిగినవారు అందులో పేరు లేనివారే. పులకేశి విజయాన్ని బోధించే ఉపాధ్యాయుడు మధుమతి సత్రాన్ని, ఈ పేరులేని మనుషులను కూడా అదే పాఠంలో చెప్పాలి. ఒక శాసనాన్ని చదివి రెండవదాన్ని దాచిపెడితే, నిన్నటి యుద్ధం నేటి పొరుగువానిపై ద్వేషానికి పనిముట్టవుతుంది.