మెర్రి వాగు ఒడ్డున ఉమ్మడి బాట

చెరువు తవ్వించడం, బాట వేయించడం పుణ్యకార్యాలని మన పెద్దలు నమ్మేవారు. తవ్వించినవారి పేరు ఊరికి గుర్తుండేది గాని, ఏటేటా పూడిక తీసినవారి పేర్లు ఎవరూ రాసిపెట్టలేదు. నిజానికి చెరువు నిలిచింది ఆ పేరులేని చేతుల వల్లనే. ఈ సంగతిని ప్రవాసంలో ఉన్న మనకు మళ్ళీ గుర్తుచేసే చోటు ఒకటి మెల్‌బోర్న్ ఉత్తర భాగంలో ఉంది. అది మెర్రి వాగు వెంబడి సాగే ఉమ్మడి కాలిబాట.

వాలన్ ప్రాంతంలో పుట్టిన ఈ వాగు కోబర్గ్, బ్రన్స్‌విక్, నార్త్‌కోట్ పేటల పక్కగా పారి, డైట్స్ జలపాతం వద్ద యారా నదిలో కలుస్తుంది. ఇది వురుంజెరి ప్రజల నేల. వారి భాషలో ‘మెర్రి మెర్రి’ అంటే రాళ్ళు నిండినదని అర్థం. 1835లో జాన్ బాట్మన్ దుప్పట్లు, కత్తులు, అద్దాల వంటివి ఇచ్చి, లక్షల ఎకరాలు తన వశమయ్యాయని చెప్పుకొన్న ఒప్పందం ఈ ఒడ్డునే జరిగిందని పలువురు చరిత్రకారుల అభిప్రాయం. అది చెల్లదని గవర్నర్ బూర్క్ అదే ఏడు ప్రకటించాడు. అయినా నేల మాత్రం దాని అసలు వారసులకు తిరిగి దక్కలేదు.

తరువాత ఒడ్డునున్న నల్లరాతి కోసం గనులు తవ్వారు. రాయి అయిపోయిన గుంతల్లో నగరం చెత్త పోసింది. 1969 నాటి రవాణా ప్రణాళికలో వాగు వెంబడే పెద్ద మోటారు రహదారి గీశారు. ప్రజల నిరసన పెరగడంతో 1973లో హేమర్ ప్రభుత్వం నగరం లోపలి రహదారులను చాలావరకు విరమించుకొంది. ఆ గీత గీతగానే మిగలకపోయి ఉంటే, ఈనాడు మన పిల్లలు సైకిలు నేర్చుకొనే చోట లారీలు పరుగెత్తేవి.

1976లో పురపాలక సంఘాలు, స్థానికులు కలిసి వాగు కోసం ఒక సమన్వయ సంఘం ఏర్పరచుకొన్నారు. 1982లో బ్రన్స్‌విక్ తూర్పున, ఒకప్పటి రాతిగని, చెత్తకుప్ప మీదనే ‘సెరెస్’ అనే పర్యావరణ ఉద్యానం వెలసింది. 1989లో మెర్రి క్రీక్ నిర్వహణ సంఘం ఏర్పడింది. చుట్టుపక్కల మిగిలిన స్థానిక మొక్కల నుంచే విత్తనాలు సేకరించి, నారు పెంచి, ఒడ్డున నాటారు. చాలా ఏళ్ళుగా కనబడని ఒక లకుముకి పిట్ట వాగు దగ్గరకు తిరిగి వచ్చింది. ఆ రాకను పురస్కరించుకొని 1994లో సెరెస్‌లో ఉత్సవం మొదలైంది. పిట్ట రాకకు పండుగ చేసుకోవడం మన సంక్రాంతి ఎరిగిన మనసుకు కొత్తగా తోచదు.

బాట వేయడం ఒకనాటి పని, కాపాడడం ప్రతి ఏటి పని. వరద వచ్చినప్పుడల్లా బాట మీద బురద పేరుకొంటుంది, చెట్ల కొమ్మలకు ప్లాస్టిక్ సంచులు వేలాడతాయి. నీరు నిలిస్తే అంచులు కోసుకుపోతాయి. ముళ్ళపొదలు బాట మీదికి వాలుతాయి. అందుకే సెలవు రోజుల్లో చేతితొడుగులు వేసుకొని కలుపు తీసేవారు, శీతకాలంలో మొక్కలు నాటేవారు కావాలి. నడిచేవారూ సైకిలువారూ పంచుకొనే బాట కనుక ఎడమవైపే వెళ్ళాలి. సైకిలువారు పాదచారులకు దారి ఇవ్వాలి. ఇది మర్యాదే కాదు, చట్టం కూడా.

మనకిది కొత్త పాఠం కాదు. కాలువల పూడిక తీయడానికి ఊరంతా కదిలే ‘కుడిమరామతు’ ఆచారం దక్షిణాదిన ఏనాటి నుంచో ఉంది. 1858లో మద్రాసు ప్రభుత్వం దానిని చట్టంగా కూడా చేసింది. కాని చట్టం కంటే, నీరు తన పొలానికీ వస్తుందన్న ఎరుకే రైతును పార పట్టించింది.

మనం ఈ దేశానికి వచ్చి బాటలు సిద్ధంగా ఉన్నాయని సంతోషించాం. అవి ఎవరి నేల మీద ఉన్నాయో, ఎవరి చెమటతో నిలిచాయో పిల్లలకు చెప్పడం మన బాధ్యత. చెప్పడంతో సరిపెట్టక, వచ్చే శీతకాలంలో ఒక ఆదివారం మీ దగ్గరి వాగు ఒడ్డుకు వారిని తీసుకువెళ్ళి, ఒక్క మొక్క నాటించండి. అమ్మమ్మ ఊరి చెరువు కథ కూడా అక్కడే చెప్పండి. మట్టి అంటిన చేతులతో విన్న కథను పిల్లలు మరచిపోరు.