లారెల్-హార్డీల ఆఖరి చిత్రం

మా సెక్షనులో బక్కపలచని గుమాస్తా ఒకరు, భారీ మనిషి మరొకరు ఉండేవారు. ఇద్దరూ కలిసి టీకి బయలుదేరితే "లారెల్-హార్డీ వెళుతున్నారయ్యా" అని నవ్వుకునేవాళ్ళం. ఆ జంట పేరు మనవాళ్ళ నోళ్ళలో అంతగా నానింది. కాని వారి ఆఖరి చిత్రం సంగతి తెలిసినవారు తక్కువ. ఈ ప్రత్యేక సంచికలో ఆ ముచ్చట మనవి చేస్తాను.

స్టాన్ లారెల్ 1890లో ఇంగ్లండులోనూ, ఆలివర్ హార్డీ 1892లో అమెరికాలోనూ పుట్టారు. 1927 నుంచి హాల్ రోచ్ స్టూడియోలో జంటగా నటించారు. పొడవాటి మెట్ల మీదుగా పియానోను పైకి చేర్చే 'మ్యూజిక్ బాక్స్' అనే చిన్న చిత్రానికి 1932లో ఆస్కార్ బహుమతి వచ్చింది. తెర మీద ఏమీ తెలియని అమాయకుడు లారెల్. తెర వెనుక హాస్యం అల్లేది మాత్రం ఆయనే. 1940లో ఆ స్టూడియో విడిచి పెద్ద కంపెనీలకు వెళ్ళాక ఆయన మాట చెల్లలేదు. 1945తో హాలీవుడ్‌లో అవకాశాలు ముగిశాయి.

అప్పుడు ఫ్రాన్స్, ఇటలీ నిర్మాతలు పిలిచారు. 12 వారాల్లో పూర్తి కావలసిన చిత్రం 1950 ఆగస్టులో మొదలై మరుసటి ఏడాదిలోకి సాగింది. సెట్టు మీద ఒకరిది ఇంగ్లీషు, ఒకరిది ఫ్రెంచి, మరొకరిది ఇటాలియన్. లారెల్ జబ్బుపడి ఆస్పత్రి పాలై 114 పౌన్లకు, అంటే సుమారు 52 కిలోలకు, చిక్కిపోయాడు. హార్డీకి గుండె జబ్బు.

కథ మాత్రం మన ఆఫీసువాళ్ళకు నచ్చేదే! లారెల్‌కు వారసత్వంగా వచ్చిన సొమ్ము పన్నులకూ వకీళ్ళకూ పోగా, ఒక పాత పడవ, ఒక దీవి మిగులుతాయి. దారిలో తుఫాను వచ్చి, సముద్రంలో కొత్తగా లేచిన వేరొక దీవికి చేరతారు. చట్టాలు, పన్నులు, పాస్‌పోర్టులు లేని రాజ్యం పెడతారు. అక్కడ యురేనియం బయటపడగానే జనం ఎగబడతారు, రాజ్యం కూలుతుంది. చివరికి సొంత దీవికి చేరితే, పన్ను బకాయికింద సామాను జప్తవుతుంది!

ఫ్రాన్సులో 1951లో 'అటాల్ కె', బ్రిటన్‌లో 1952లో 'రాబిన్సన్ క్రూసోలాండ్', అమెరికాలో 1954లో 'యుటోపియా' అన్న పేర్లతో విడుదలైంది. విమర్శకులు చీల్చి చెండాడారు. నిజమే, పాలిపోయిన లారెల్ ముఖం చూస్తే నవ్వు రాదు, జాలి కలుగుతుంది. కథానాయిక సూజీ డెలేర్‌కు మాత్రం ఈ పరాజయం అడ్డు కాలేదు. 1960లో విస్కోంటి తీసిన 'రోకో అండ్ హిజ్ బ్రదర్స్'లో నటించింది. 102 ఏళ్ళు జీవించి 2020లో కన్నుమూసింది.

మన జంట మళ్ళీ సినిమా చేయలేదు. రంగస్థల ప్రదర్శనలకు 1953లో ఓడలో ఐర్లండులోని కోవ్ రేవుకు వెళితే, జనం రేవంతా నిండిపోయారు. అక్కడి కెథడ్రల్ గంటలు వారి చిత్రాల సంగీతాన్ని మోగించాయి. అది విని ఇద్దరూ కన్నీళ్ళు పెట్టుకున్నారట. అప్పటికే రెండేళ్ళుగా విమర్శకులు తిడుతున్న చిత్రం ఆ జనానికి పట్టలేదు.

పాత చిత్రాల మీద వీరికి హక్కులు లేవు. స్టూడియోలో జీతగాళ్ళు మాత్రమే. అవి టెలివిజన్‌లో ఎన్నిసార్లు వేసినా వీరికి దక్కింది లేదు. హార్డీ 1957లో పక్షవాతంతో పోయాడు. డాక్టర్లు వద్దనడంతో లారెల్ అంత్యక్రియలకు కూడా వెళ్ళలేకపోయాడు. తోడు పోయాక మళ్ళీ నటించనన్నాడు. 1961లో గౌరవ ఆస్కార్ అందుకుని, శాంటా మోనికాలో చిన్న అపార్టుమెంటులో ఉంటూ, అభిమానుల ఉత్తరాలకు స్వయంగా జవాబులు రాసేవాడు. టెలిఫోన్ డైరెక్టరీలో తన నంబరు ఉంచుకున్నాడు. 1965లో కన్నుమూశాడు.

సర్వీసు రిజిస్టరులో చివరి పేజీ ఒక్కటే చూసి మనిషి ఉద్యోగాన్ని తూచకూడదు. ఆఖరి రోజుల్లో ఒంట్లో సత్తువ లేక పని సరిగా సాగనివారు మనలోనూ ఉన్నారు. మీ మనవలు లారెల్-హార్డీలను చూస్తానంటే 'మ్యూజిక్ బాక్స్'తో మొదలుపెట్టించండి. ఆఖరి చిత్రాన్ని చూస్తే, ఆ ముఖం వెనుక జబ్బు సంగతి కూడా చెప్పండి.