అంతరిక్షం తిరిగివచ్చిన టమాటో విత్తులు



“కొత్త విత్తనం వచ్చిందట, విరగపండుతుందట” అంటారొకరు. “అది వేస్తే చేను పాడవుతుందట” అంటారు మరొకరు. ఈ రెండు ‘అట’ల నడుమ నలిగేది రైతు. నిజం తేల్చుకోవడం ఎలాగ? లక్షలాది బడిపిల్లలు ఆ పని చేసి చూపారు. ఆ చరిత్ర చెబుతాను, చిత్తగించండి.

1984 ఏప్రిల్‌లో అమెరికావారి ఛాలెంజర్ నౌక ఎల్డెఫ్ అనే బస్సంత ఉపగ్రహాన్ని అంతరిక్షంలో విడిచివచ్చింది. అందులో ఎన్నో ప్రయోగాలతోబాటు 1 కోటి 25 లక్షల టమాటో విత్తులు కూడా డబ్బాలలో ఉన్నాయి. రకం పేరు రట్గర్స్. నాసా సంస్థ, పార్క్ అనే విత్తనాల కంపెనీ కలిసి చేసిన ఏర్పాటిది. అదే రకం విత్తులు కొన్నిటిని భూమిమీదనే, దక్షిణ కరోలినాలో ఒక గిడ్డంగిలో భద్రపరిచారు. ఈ సంగతి గుర్తుంచుకోండి. ప్రయోగానికి ప్రాణం ఇదే.

సుమారు ఏడాదికి వాటిని దించాలనుకున్నారు. అది వాయిదాపడింది. ఇంతలో 1986 జనవరి 28న ఛాలెంజర్ ఆకాశంలోనే ముక్కలైపోయి ఏడుగురు మరణించారు. వారిలో ఒకావిడ బడిపంతులమ్మ. ఆపైన రెండున్నరేళ్ళకు పైగా నౌకల ప్రయాణాలే ఆగిపోయాయి. చివరకు 1990 జనవరిలో కొలంబియా నౌక ఆ ఉపగ్రహాన్ని పట్టితెచ్చింది. విత్తులు అక్కడ ఉన్నది 5 సంవత్సరాల 9 నెలలు!

కాస్మిక్ కిరణాలు తగిలిన విత్తు మొలుస్తుందా? మొలిచినా మొక్క వంకరపోతుందా? తేల్చే పని పిల్లలకే అప్పగించారు. అమెరికాలోనూ, మరికొన్ని దేశాలలోనూ 30 లక్షలకు పైగా విద్యార్థులు ఇందులో పాల్గొన్నారు. వారికి రెండేసి పొట్లాలు అందాయి: ఒకటి అంతరిక్షానికి వెళ్ళివచ్చినది, రెండవది గిడ్డంగిలోది. రెంటికీ ఒకే మన్ను, ఒకే నీరు, ఒకే వెలుతురు. మొలకలు లెక్కపెట్టారు, ఎత్తు కొలిచారు, పుస్తకంలో రాసుకున్నారు.

ఆ కాయలు విషమవుతాయేమోనన్న వార్త ఆ ఏడే పత్రికలకెక్కింది. ప్రమాదం లేదని నాసా చెప్పింది. ఇక్కడా ‘అట’లు తప్పలేదన్నమాట!

ఫలితమేమిటి? అంతరిక్షపు విత్తులు మొదట్లో కొంచెం తొందరగా మొలిచాయి. పోనుపోను రెండు రకాల మొక్కలకూ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. మొదటి వారం చూసి తీర్పు చెప్పివుంటే పొరబాటే అయ్యేది గదా! గిడ్డంగి విత్తులే లేకపోతే, ప్రతి వంకర మొక్కకూ అంతరిక్షమే కారణమనుకునేవారు.

మనకూ ఇదే పాఠం. కొత్త విత్తనం దొరికితే చేనంతా చల్లకండి. పాత విత్తనం పక్కనే నాలుగు సాళ్ళు వేయండి. ఒకే రోజున వేసి, ఎరువూ నీరూ సమంగా ఇవ్వండి. ఒక మూల భూమి బలంగా ఉండవచ్చు, కాబట్టి చేలో రెండు మూడు చోట్ల ఇలాగే చేయండి. మొలకలు లెక్కించండి, కోత దాకా ఆగి దిగుబడి తూచండి. విస్తరణ కార్యకర్తలు ఆ లెక్కలు రాయించి, ఊరందరికీ చదివి వినిపించాలి.

తేడా ఉందని తేలినా లాభమే, లేదని తేలినా లాభమే. బడిపిల్లలు చేయగలిగినది మనం చేయలేమా?