అంతరిక్ష న్యాయశాస్త్రంలో స్నాతకోత్తర విద్య

అంతరిక్ష న్యాయశాస్త్రంలో స్నాతకోత్తర విద్య అనగా రాకెట్లు, ఉపగ్రహాలు, చంద్రుడు మొదలైన ఖగోళ వస్తువులకు సంబంధించిన అంతర్జాతీయ ఒప్పందాలనూ, ఆయా దేశాల చట్టాలనూ ఎల్.ఎల్.ఎం. లేదా ఎం.ఎ. స్థాయిలో అధ్యయనం చేయడం. చాలాచోట్ల దీనిని విమానయాన న్యాయశాస్త్రంతో కలిపి బోధిస్తారు.

నేపథ్యం

ఈ రంగంలో ఎక్కువ పేరున్నది కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయం. మాంట్రియల్ నగరంలోని ఆ విశ్వవిద్యాలయంలో 1951లో ఈ రంగపు అధ్యయన సంస్థ ఏర్పడేనాటికి ఒక్క ఉపగ్రహం కూడా లేదు (మొదటి స్పుత్నిక్ 1957లో ఎగిరింది). కనుక తొలి పాఠాలు విమానాల గురించినవే. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ప్రధాన కార్యాలయం అదే నగరంలో ఉండడం దానికి కలిసివచ్చింది. నెదర్లాండ్స్‌లోని లైడెన్, అమెరికాలోని నెబ్రాస్కా, మిసిసిపి విశ్వవిద్యాలయాలలో కూడా ఈ విషయంలో ఎల్.ఎల్.ఎం. ఉన్నది.

పాఠ్యాంశాలు

ఐక్యరాజ్య సమితి ఆధ్వర్యంలో రూపొందిన ఐదు ఒప్పందాలు ఈ చదువుకు మూలం. వీటిలో 1967 నాటి అంతరిక్ష ఒప్పందం ప్రధానమైనది. అందులో ఉన్నవి 17 అధికరణాలే. తక్కినవి వ్యోమగాముల రక్షణ (1968), నష్ట బాధ్యత (1972), నమోదు (1975), చంద్రుడు (1979) గురించినవి. చదవవలసిన మూలం ఇంత చిన్నదైనా శాస్త్రం సులభం కాదు. ఇతర న్యాయశాఖలలో వలె ఆధారపడడానికి తీర్పులు దాదాపు లేకపోవడమే ఇందుకు కారణం.

తరగతులలో తరచుగా చర్చకు వచ్చే ఉదాహరణ కాస్మోస్ 954. అణు రియాక్టరు గల ఈ సోవియట్ ఉపగ్రహం 1978 జనవరి 24న కెనడా వాయవ్య ప్రాంతంలో కూలింది. కెనడా సుమారు 60 లక్షల కెనడియన్ డాలర్లు కోరగా, 1981లో 30 లక్షలకు రాజీ కుదిరింది. వివాదం న్యాయస్థానం దాకా వెళ్ళలేదు. 1972 ఒప్పందం ప్రకారం భూమిపై జరిగిన నష్టానికి ప్రయోగించిన దేశానిదే పూర్తి బాధ్యత, తప్పు రుజువు చేయనక్కరలేదు. అంతరిక్షంలోనే ఢీకొన్నప్పుడు మాత్రం తప్పు ఎవరిదో తేల్చాలి. 2009 ఫిబ్రవరి 10న ఒక ఇరిడియం ఉపగ్రహం, పనిచేయని రష్యా ఉపగ్రహం కాస్మోస్ 2251 ఢీకొన్నాయి. అప్పుడు తప్పెవరిదో ఏ న్యాయస్థానమూ నిర్ణయించలేదు.

వాదనాభ్యాసం కొరకు 1992 నుండి మాన్‌ఫ్రెడ్ లాక్స్ పేరిట మూట్ కోర్టు పోటీలు జరుగుతున్నాయి. కల్పిత వివాదంపై జరిగే తుది వాదనను అంతర్జాతీయ న్యాయస్థానపు న్యాయమూర్తులే వినడం వీటి ప్రత్యేకత.

భారతదేశంలో

హైదరాబాదు శివార్లలోని శామీర్‌పేటలో ఉన్న నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం అంతరిక్ష, టెలికమ్యూనికేషన్ చట్టాలలో రెండేళ్ళ ఎం.ఎ.ను దూరవిద్య పద్ధతిలో ప్రవేశపెట్టింది. న్యాయశాస్త్రం చదవని పట్టభద్రులు, ఉదాహరణకు ఇంజనీర్లు, ఇందులో చేరవచ్చును. అయితే ఎం.ఎ. పట్టాతో న్యాయవాదిగా నమోదు కావడం కుదరదు, దానికి ఎల్.ఎల్.బి. తప్పనిసరి. ఎల్.ఎల్.ఎం.లో చేరడానికి కూడా అంతే. చేరిన తరువాత ఈ సంగతి తెలిసి నిరాశపడేకంటే ముందే చూసుకోవడం మేలు.

హైదరాబాదుకు చెందిన స్కైరూట్ సంస్థ తన విక్రమ్-ఎస్ రాకెట్టును 2022 నవంబరు 18న శ్రీహరికోట నుండి ప్రయోగించింది. ఇది భారతదేశపు మొదటి ప్రైవేటు రాకెట్టు. ఇటువంటి ప్రయోగం వలన పరాయి దేశంలో నష్టం జరిగితే పరిహారం చెల్లించవలసినది భారత ప్రభుత్వమే. ఆ సొమ్మును సంస్థ నుండి ఎంతవరకు రాబట్టవచ్చునో చెప్పవలసినది దేశీయ చట్టం. 2017లో ముసాయిదా బిల్లు ప్రజాభిప్రాయానికి వచ్చింది కాని, 2023లో భారత అంతరిక్ష విధానం వెలువడేనాటికి కూడా అది చట్టం కాలేదు.