మంచిపేరు : ఒక అమానత్

పేరు సంపాదించడానికి ఏళ్ళు పడుతుంది, పోగొట్టుకోవడానికి ఒక పూట చాలని మన పెద్దలు అంటుంటారు. పోయిన పేరు తిరిగి రావాలంటే ఏం కావాలో మాత్రం ఎవరూ అంతగా చెప్పరు. సంఘ సభ్యులకు, వారి కుటుంబాలకు ఈ విషయంలో చరిత్ర చెప్పే పాఠాన్ని మాకు తెలిసినంతలో విన్నవించుకోదలచాము. ఇందుకు ఎక్కడికో పోనక్కరలేదు. మన ముక్తేశ్వరం చుట్టూ పొలాలకు పారే కాలువ నీరే ఒక మనిషి పేరు కథ చెబుతుంది. ఆయనే కాటన్ దొర.

1803లో ఇంగ్లండులో పుట్టిన ఆర్థర్ కాటన్ 1821లో మద్రాసుకు వచ్చిన సైనిక ఇంజనీరు. 1836లో కావేరి పాయ అయిన కొల్లడం మీద కట్టిన ఆనకట్టలతో తంజావూరు ప్రాంతంలో ఆయనకు మొదట పేరొచ్చింది. అప్పటి మన గోదావరి ప్రాంతం సంగతి వేరు. 1830లలో కరువు, 1839లో కోరంగి దగ్గర పెను తుపాను. రాజమండ్రి జిల్లా జనాభా 1821లో 7 లక్షల 38 వేలు ఉండగా, 1841 నాటికి 5 లక్షల 61 వేలకు పడిపోయింది. ఇంత పెద్ద గోదావరి పక్కనే పారుతుండగా జనం తిండి లేక చచ్చిపోయారు, వలసపోయారు.

కాటన్ ధవళేశ్వరం దగ్గర ఆనకట్టకు పథకం వేసి కంపెనీ ప్రభుత్వానికి రాశారు. 1847లో పని మొదలై 1852లో పూర్తయింది. మధ్యలో ఆయన ఆరోగ్యం చెడి సెలవు మీద వెళ్ళవలసి వస్తే కెప్టెన్ ఆర్ పని నడిపారు. మన కోనసీమలో గన్నవరం దగ్గర వైనతేయ పాయ మీదుగా 49 కమానుల అక్విడక్టు కట్టి, నగరం లంకకు నీరు అందించినవారు హేగ్ అనే ఇంజనీరు. వీణం వీరన్న గారి వంటి తెలుగువారు వేలాది కూలీలను కూడగట్టి పని చేయించారు. పేరు ఒకరిదైనా చెమట వేలమందిదని మనం మరచిపోకూడదు.

నీరు వచ్చింది, పంట వచ్చింది, 1861లో దొరగారికి సర్ బిరుదూ వచ్చింది. ఇక పేరుకు ఢోకా లేదనుకుంటాం గదా! అక్కడే కథ తిరిగింది. రైళ్ళ మీద పోసే డబ్బు కాలువల మీద పెట్టండి, నీళ్ళూ వస్తాయి, సరుకు రవాణా కూడా చౌకగా జరుగుతుంది అని ఆయన గట్టిగా వాదించారు. రైల్వేల పక్షం వారికి అది నచ్చలేదు. పైగా ఆయన ప్రోత్సాహంతో ప్రయివేటు కంపెనీలు మొదలుపెట్టిన ఒరిస్సా కాలువలు, కర్నూలు-కడప కాలువ అనుకున్న లాభం తేలేదు. చివరకు రెండింటినీ ప్రభుత్వమే కొనవలసి వచ్చింది. అందులో కాటన్ అంచనాల తప్పు కొంత ఉంది. ఆ మాట దాచనక్కరలేదు. అయితే ఆ తప్పును చూపి ఆయన చెప్పిందంతా తప్పే అన్నవారు బయలుదేరారు. 1876-78 కరువు తరువాత, 1878లో, బ్రిటిష్ పార్లమెంటు కమిటీ ముందు 75 ఏళ్ళ వయసులో ఆయన సాక్ష్యమిచ్చారు. కమిటీ ఆయన వాదనను అంగీకరించలేదు. ఆ కరువులోనే గోదావరి డెల్టా తాను తిని, ఇతర జిల్లాలకు కూడా ధాన్యం పంపింది!

1899లో ఆయన కన్నుమూశారు. మరి ఆయన పేరు నిలబెట్టింది ఎవరు? పార్లమెంటు కాదు, ఏటేటా పండిన పైరు. ఆ నీటిని తాగినవారు, ఆ నీటితో పండించినవారు సాక్ష్యం చెప్పారు. పాత ఆనకట్ట స్థానంలో 1982లో పూర్తయిన బ్యారేజీకి ఆయన పేరే పెట్టారు. గోదావరి స్నానం చేసే పండితులు కొందరు సంకల్పంలో ఆయన్ని తలచుకుంటారు. ఒక ఇంగ్లీషు క్రైస్తవునికి ఇంతకంటే ఏం కావాలి?

అయితే కాటన్ దొర పక్షాన గోదావరి మాట్లాడింది. మనలాంటి చిన్నవాళ్ళ పక్షాన ఏది మాట్లాడుతుంది?

మేము పదో తరగతి చదివే రోజుల్లో జరిగిన సంగతి ఒకటి చెబుతాము. మసీదు పైకప్పు మరమ్మత్తుకు చందాలు వసూలు చేసిన ఒక పెద్దాయన ఉండేవారు. అందరూ చాచా అనేవాళ్ళం. కలపకు ముందే డబ్బు కట్టేశారాయన. ఇంతలో గోదావరికి వరద వచ్చి రేవు కట్టేశారు. కలప కోటిపల్లి ఒడ్డునే ఆగిపోయింది. ఆ పదిహేను రోజుల్లో “చాచా డబ్బు తినేశాడట” అన్న మాట పుట్టింది. ఎవరు పుట్టించారో తెలియదు. మోసినవాళ్ళం మాత్రం చాలామందిమి. మేమూ ఆ మాటను ఇంకో ఇంటికి చేర్చినవారమే, సిగ్గుతో ఒప్పుకుంటున్నాము. వరద తగ్గింది, కలప వచ్చింది, రసీదులు పైసాతో సహా సరిపోయాయి. మాట ఆగిపోయింది. అంతే. “తప్పుగా అన్నాం చాచా” అని నలుగురిలో చెప్పినవారు ఒక్కరూ లేరు. ఆయన మళ్ళీ ఏ చందా పుస్తకం ముట్టుకోలేదు, నమాజుకు వచ్చినా వెనుక సఫ్‌లోనే నిలబడేవారు. మేము క్షమాపణ అడగాలని అనుకుంటుండగానే ఆయన అల్లాహ్ దగ్గరకు వెళ్ళిపోయారు.

మన ఇస్లాం చరిత్రలో దైవప్రవక్త (స) వారికి ప్రవక్త పదవికి ముందే మక్కావాసులు ఇచ్చిన పేరు అల్ అమీన్, నమ్మదగినవాడు. హిజ్రత్ నాడు కూడా శత్రువుల అమానత్‌లు తిరిగి అప్పగించడానికి హజ్రత్ అలీ (రజి) గారిని వెనుక ఉంచి వెళ్ళారు. మదీనాలో హజ్రత్ ఆయిషా (రజి) గారి మీద తోహ్మత్ వేసినప్పుడు, దాదాపు నెల రోజుల బాధ తరువాత, ఆమె నిర్దోషిత్వం అందరి ముందూ ప్రకటించబడింది. అపనింద వేసినవారికి శిక్ష కూడా అందరి ముందే. రహస్యంగా ఓదార్చి ఊరుకోలేదు.

కాబట్టి మా విన్నపం ఇది. పేరు కట్టుకోవడం మన చేతుల్లో పని: లెక్క రాయాలి, ఆ లెక్క అడగకముందే చూపాలి. ఇతరుల పేరు కాపాడడం మన నాలుక పని: రసీదు చూడకుండా మాట మోయరాదు. పోయిన పేరు తిరిగి ఇవ్వడం సంఘం పని: ఎంతమందిలో నింద వేశామో అంతమందిలోనూ వెనక్కి తీసుకోవాలి. మన సంఘం మూడు నెలలకొకసారి జుమా తరువాత జమాఖర్చులు చదివి వినిపిస్తే, పిల్లలు కూడా కూర్చుని వింటే, ఇంకో చాచా వెనుక సఫ్‌లోకి పోనక్కరలేదు.

ఇజ్జత్ కూడా అమానతే. మన దగ్గర దాచిన ఎదుటివారి ఇజ్జత్‌ను చెక్కుచెదరకుండా తిరిగి అప్పగించే శక్తిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.